నా రక్తంలో పాల హార్మోను

ఆ గదిలో ఉన్నవాళ్లు: డాక్టరమ్మ గారు, నేను, నా భార్య శిరీష, మా అమ్మ, శిరీష వాళ్ల నాన్నగారు. ఉన్న వస్తువులు: ఒక బల్ల, ఐదుగురికి కలిపి మూడు కుర్చీలు, బరువు చూసే యంత్రం, గోడ మీద నిండు గర్భిణి బొమ్మ. శిరీష ఒళ్లో బట్టల షాపు వాళ్లిచ్చిన కవరు, అందులో రెండేళ్ల రిపోర్టులు. ఆ కాగితాలన్నీ శిరీష పేరు మీదే ఉన్నాయి. నా పేరుతో ఒక్కటి కూడా లేదు.

అది గుడివాడ, జూన్ నెల. మాకు పెళ్లయి నాలుగేళ్లు. పిల్లలు లేరు. బందరులో ఇద్దరు డాక్టర్లు అయ్యాక, ఎవరో చెప్తే ఈవిడ దగ్గరికి వచ్చాం. ఆవిడ కాగితాలన్నీ ఓపికగా తిరగేసి, కళ్లజోడు తీసి అడిగారు.

"అబ్బాయికి ఏం పరీక్షలు చేయించారు?"

నా బదులు అమ్మ చెప్పింది. "వాడికేం చేయించాలండీ? వాడు శుభ్రంగా ఉంటాడు. ఉద్యోగం చేసుకుంటున్నాడు. రోజుకి ఎనభై కిలోమీటర్లు బండి తోల్తాడు."

"బండి తోలడానికీ దీనికీ సంబంధం లేదమ్మా," అన్నారు డాక్టరమ్మ గారు.

మావయ్యగారు నవ్వబోయి, అమ్మ ముఖం చూసి మానేశారు.

ఆవిడ నాకు పరీక్షలు రాస్తూనే శిరీషతో ఇంకో మాట చెప్పారు. శిరీషకి అప్పటికి ముప్పై మూడు. అండాల నిల్వ ఎంత ఉందో చెప్పే ఏఎంహెచ్ అనే పరీక్షలో 1.1 వచ్చింది. ఈ వయసుకి అది తక్కువ. "నీ చేతిలో ఎక్కువ టైము లేదమ్మా. ఒక ఏడాది అనుకో. ఈలోపల అబ్బాయి సంగతి తేల్చుకుని రండి. అవసరమైతే ఐవీఎఫ్‌కి వెళ్దాం. ముందు ఆయన రిపోర్టులు చూడాలి."

ఈ అనుభవం మొత్తానికి ఆ మాటే గడియారం. తర్వాత జరిగినవన్నీ దాని కిందే జరిగాయి.

అంతకు ముందు ఏడాదిన్నరగా నాలో కొన్ని మార్పులు వచ్చాయి. పొద్దున లేచేసరికే అలసట. కళ్ల వెనకాల నొప్పి. గడ్డం ఇదివరకంత త్వరగా పెరగడం లేదు. శిరీష దగ్గరికి వెళ్లాలన్న కోరిక మెల్లగా తగ్గి, ఒకరోజు చూసుకుంటే లేనే లేదు. పని ఎక్కువైందని చెప్పేవాణ్ణి. నేనూ అదే నమ్మాను. నా పని రొయ్యల చెరువుల్లో ఆక్సిజన్ మీటర్లు సరిచూడటం. బంటుమిల్లి నుంచి నాగాయలంక దాకా చెరువు గట్ల మీదే తిరుగుడు. ఎండాకాలం ఆ గట్ల మీద ఎవరికైనా అలసటే కదా అనుకున్నాను.

ల్యాబు ఆ వీధిలోనే ఉంది. కౌంటర్లో అమ్మాయి చీటీ చూసి, "ప్రొలాక్టినా అండీ? మేడమ్ గారిని లోపలికి పంపించండి," అంది.

"నాకేనండీ."

"మీకా? ఇది లేడీస్ టెస్టండీ. పొరపాటున రాసుంటారు. కూర్చోండి, కనుక్కుంటాను." అక్కడే నిలబడి ఫోన్ చేసింది. "మేడమ్, ప్రొలాక్టిన్ జెంట్‌కి రాశారండీ... ఆఁ... జెంట్‌కేనా అండీ?"

బెంచీ మీద ఉన్నవాళ్లందరూ నా వైపు తిరిగారు. శిరీష చెంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ల్యాబులో తను నవ్వగా నేను చూడటం అదే మొదలు. నవ్వు అయిపోయాక నా చెవి దగ్గర చిన్నగా అంది. "రెండేళ్ల నుంచీ ఇట్టాంటి బెంచీల మీద అందరూ నన్నే చూసేవాళ్లండీ. ఇవాళ మీరూ వచ్చారు."

సాయంత్రానికి రిపోర్టులు వచ్చాయి. వీర్యకణాలు చాలా తక్కువ. మగ హార్మోను తక్కువ. ప్రొలాక్టిన్ 118. మగవాళ్లకి పదిహేడు దాటకూడదని పక్కనే అచ్చు వేసి ఉంది.

"అంటే ఏంటది?" అని అమ్మ అడిగింది.

"బిడ్డ పుట్టాక తల్లికి పాలు రావడానికి పనిచేసే హార్మోనమ్మా. మగవాళ్లకి కూడా కాస్త ఉంటుంది. ఈయనకి బాగా ఎక్కువుంది," అన్నారు డాక్టరమ్మ గారు.

గుడివాడ నుంచి బందరు వచ్చే రైల్లో, పెడన దాటాక, అమ్మ కిటికీలోంచి చూస్తూనే, "పాలిచ్చే తల్లుల హార్మోను నీకెందుకొచ్చిందిరా," అంది. అడిగినట్టు లేదు. దొంగసొత్తు నా జేబులో దొరికినట్టుంది ఆ గొంతు.

ఆగస్టు

నేను ఎలక్ట్రానిక్స్ చదివాను. ఏ మీటరైనా వింత అంకె చూపిస్తే మొదట మీటర్నే అనుమానించడం నా వృత్తి. అందుకే బందరులో ఇంకో ల్యాబులో మళ్లీ రక్తం ఇచ్చాను. సూది అంటే భయపడినా, ముందురోజు నిద్ర లేకపోయినా ఈ హార్మోను పెరుగుతుందని చదివి, అరగంట కూర్చుని స్థిమితపడ్డాకే చెయ్యి చాపాను. అక్కడ 2480 వచ్చింది. ఆ కాగితం ఫొటో శిరీష వాళ్ల నాన్నకి పంపింది. పావుగంటలో నాగాయలంక నుంచి ఫోన్.

"అల్లుడుగారూ, నూట పద్దెనిమిది కాస్తా రెండు వేల నాలుగొందల ఎనభై అయిందంట గదా. చెరువు దగ్గర నుంచి అట్టాగే బయల్దేరుతున్నా."

"మావయ్యగారూ, రావద్దండీ. కొలత వేరు. కిలోలూ గ్రాములూ లాగా. లెక్క కడితే ఇది నూట పదిహేడు. ఒకటి తగ్గింది."

"తగ్గిందా?"

"తగ్గిందండీ."

"తగ్గితే మరి ఆ కాయితం అట్టా ఎందుకు కొట్టాడండీ, మనుషుల ప్రాణాలు తియ్యడానికి కాకపోతే. గమ్‌బూట్లతోనే బస్సు ఎక్కబోయాను."

ఆ నెలలో మేము నవ్వింది అప్పుడొక్కసారే. మీటరు తప్పు కాదని అర్థమయ్యాక నవ్వడానికి ఏమీ మిగల్లేదు.

ఈ హార్మోను గురించి నాకు అర్థమైంది ఇది. మెదడు అడుగున శనగగింజంత గ్రంథి ఉంటుంది. ప్రొలాక్టిన్ అక్కడ తయారవుతుంది. మిగతా హార్మోన్లకి మెదడు ‘చెయ్యి’ అని ఆజ్ఞ ఇవ్వాలి. దీనికి మాత్రం ‘ఆగు’ అని ఎప్పుడూ చెప్తూనే ఉండాలి. కాలవకి లాకు తలుపు దించి ఉంచినట్టు, డోపమిన్ అనే రసాయనం దాన్ని పట్టి ఉంచుతుంది. తలుపు ఎత్తితే చాలు, ఎవరూ తొయ్యకుండానే నీళ్లు పారతాయి. ప్రొలాక్టిన్ పెరిగితే సంతానానికి సంబంధించిన హార్మోన్లన్నీ అణిగిపోతాయి. ఆడవాళ్లకి నెలసరి తప్పుతుంది కాబట్టి త్వరగా బయటపడుతుంది. మగవాడికి అలసటా, అయిష్టమూ తప్ప ఏమీ కనపడవు. వాటిని వాడు ఎవరితోనూ చెప్పుకోడు.

పెరగడానికి కారణాలు కూడా చదివాను: ఆ గ్రంథిలో కణితి, థైరాయిడ్ లోపం, మూత్రపిండాల జబ్బు, కొన్ని మందులు. మందుల దగ్గర మానసిక వ్యాధులకు వాడేవాటి పేర్లు ముందు కనిపించాయి. నావి కావని కిందికి జరిగాను.

బందరులో మేము చూపించుకున్న ఫిజీషియన్ గారు నెమ్మదస్తుడు. ఆయన కూడా అడిగారు. "మందులేమైనా వాడుతున్నారా?"

"లేదండీ."

"వాడికి జ్వరం మాత్ర కూడా అలవాటు లేదండీ," అంది అమ్మ, కాస్త గర్వంగానే.

థైరాయిడ్ బాగుంది. మూత్రపిండాలు బాగున్నాయి. ఇక మిగిలింది కణితి. విజయవాడ వెళ్లి తల స్కాన్ తీయించుకున్నాం. గొట్టంలో పడుకున్నంతసేపూ మోటారు బేరింగు పోయినప్పుడు వచ్చే మోత. ఆ మోత ఏ భాగం నుంచి వస్తోందో ఊహించుకుంటూ భయాన్ని ఆపుకున్నాను. రిపోర్టులో నాలుగు మిల్లీమీటర్ల మచ్చ ఉందన్నారు. చిన్న కణితి కావచ్చు అని రాశారు. ఆ ‘కావచ్చు’ని మాలో ఎవరమూ చదవలేదు. అమ్మ స్కాన్ సెంటరు మెట్ల మీద కూర్చుండిపోయింది. శిరీష ఆవిడ పక్కన కూర్చుని మంచినీళ్ల సీసా మూత తీసి చేతికిచ్చింది. రెండేళ్లుగా ఆ ఇద్దరి మధ్యా ముళ్లకంచె ఉంది. ఆ కాసేపు అది కనపడలేదు.

ఫిజీషియన్ గారు చెప్పింది ఇది. ఇది ప్రాణం తీసే కణితి కాదు. వారానికి రెండుసార్లు అర మాత్ర. డోపమిన్ చేసే పనే ఈ మాత్ర చేస్తుంది. అంకె దిగుతుంది, కణితి కుంచించుకుపోతుంది, కణాలు తిరిగి పుడతాయి. "మూడు నెలల్లో చూడండి. అంకె దిగాకే ఐవీఎఫ్ అయినా, ఏదైనా."

శిరీష వేళ్లు మడిచింది. సెప్టెంబరు, అక్టోబరు, నవంబరు. చేతిలో ఉన్న ఏడాదిలో మూడు నెలలు అంటే పర్లేదని తల ఊపింది.

సెప్టెంబరు నుంచి జనవరి

ఆ అర మాత్రతో కడుపులో తిప్పుడు మొదలైంది. లేచి నిలబడితే కళ్లు తిరిగేవి. బంటుమిల్లి అవతల ఒక చెరువు గట్టు మీద మీటరు నీళ్లలోకి దించుతూ వాంతి చేసుకున్నాను. చెరువు రైతు నా కంటే పదేళ్లు పెద్ద. నన్ను పాకలోకి తీసుకెళ్లి మంచం వేసి, "పడుకో బావా, ఆక్సిజన్ నేను చూసుకుంటా," అన్నాడు. మీటరు చదవడం ఆయనకి రాదని మా ఇద్దరికీ తెలుసు. ఆ మాట అన్నందుకు ఆయన్ని మర్చిపోలేను.

ఇంట్లో వాంతికీ, తిప్పుడుకీ, తేన్పుకీ, తలనొప్పికీ కూడా ఒకటే పేరు, గ్యాస్. దానికి మందు గ్యాస్ మాత్ర. వంటింట్లో ఉప్పు డబ్బా పక్కన కాఫీ పొడి సీసా ఉంటుంది. అందులో కాఫీ పొడి ఉండగా నేను చూడలేదు, ఎప్పుడూ మాత్రల అట్టలే. పొద్దున లేవగానే కాఫీకి ముందు మా ఇంట్లో అందరూ ఒకటి వేసుకుంటారు. నాన్న ఉన్న రోజుల నుంచీ అంతే, నేను రోజూ వేసుకోవడం మాత్రం ఈ మూడేళ్లుగానే. మా ఇల్లొక్కటే కాదు. మా వైపు పెళ్లి భోజనాలయ్యాక కిళ్లీ పళ్లెంలోనే గ్యాస్ మాత్రల అట్ట కూడా పెట్టి తిప్పే ఇళ్లు నాకు తెలుసు. సందు చివర మందుల షాపులో చీటీ అక్కర్లేదు, పేరు కూడా అక్కర్లేదు. "అమ్మగారి మాత్రలు" అంటే ఇచ్చేస్తాడు.

"ఆ కణితి మాత్ర వేడి చేస్తోందిరా," అంది అమ్మ. "పొద్దున ఒకటి సరిపోదు. మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం ఒకటి వేసుకో." వేసుకున్నాను. వేసుకుంటే తిప్పుడు నిజంగానే తగ్గేది. నేను పనికి వెళ్లే సంచిలో శిరీష ఒక అట్ట పెట్టేది.

అక్టోబరులో ఒక మధ్యాహ్నం నాగాయలంకలో మా మావయ్యగారి చెరువు దగ్గర ఉన్నాను. చొక్కా ఎడమవైపు తడి తగిలింది. చెమట అనుకున్నాను. చూస్తే పావలా అంత గుండ్రని మరక. నీళ్ల మరక కాదు, పాలలా తెల్లగా ఉంది. అది ఏమిటో నాకు వెంటనే తెలిసింది. చదివి ఉన్నాను. మగవాళ్లలో అరుదు అని కూడా చదివాను. మోటారు షెడ్డు వెనక్కి వెళ్లి చొక్కా తడిపి పిండి మళ్లీ తొడుక్కున్నాను. ఆ రోజు నుంచి రెండు బనీన్లు వేసుకోవడం మొదలుపెట్టాను.

ఉతికేది శిరీష. వారం లోపలే పట్టుకుంది. బనీను చేతిలో పట్టుకుని పెరట్లో నిలబడింది.

"ఎన్నాళ్ల నుంచి?"

"వారం."

"నాతో చెప్పరా?"

"ఏమని చెప్పను?"

ఆమె బనీను బకెట్లో పడేసింది. నా వైపు తిరక్కుండానే అంది. "రెండేళ్లు ఊళ్లో ఆడవాళ్లంతా నా కడుపు మీద చెయ్యి పెట్టి చూశారండీ. మీ మేనత్త గారైతే నా ముందే మీ అమ్మగారితో అంది, బీడు భూమికి ఎరువెందుకని. నేను అన్నం తిన్నాను ఆ రోజు కూడా. మీరు ఒక్క బనీనుకి ఇంత దాక్కుంటున్నారు."

ఆ నెలల్లో నాకు కోపం రాలేదు, ఏడుపు రాలేదు. ఏ ఒక్కటీ కావాలనిపించలేదు. ఎవరైనా చనిపోయారని విన్నా, ఎవరికైనా బిడ్డ పుట్టిందని విన్నా ఒకేలా ఉండేది. అది దుఃఖమో హార్మోనో విడదీసి చూసే మీటరు నా దగ్గర లేదు.

నవంబరు చివర అంకె 171. పెరిగింది. మాత్ర వేసుకుంటుంటే పెరిగింది.

ఫిజీషియన్ గారు పాత కాగితం పక్కన పెట్టి చూశారు. "మాత్ర మానలేదు కదా?"

"లేదండీ."

"కొన్ని కణితులు లొంగవు," అన్నారు. మోతాదు రెట్టింపు చేశారు. లొంగకపోతే ముక్కులోంచి చేసే ఆపరేషన్ ఒకటి ఉంటుందని చెప్పారు. మోతాదు రెట్టింపైతే తిప్పుడు రెట్టింపైంది. గ్యాస్ మాత్రలు నాలుగయ్యాయి.

జనవరిలో శిరీష ఒక్కతే గుడివాడ వెళ్లి తన పరీక్ష చేయించుకుని వచ్చింది. నాకు ముందు చెప్పలేదు. ఏఎంహెచ్ 0.7. కాగితం నా ముందు పెట్టి, "మీ అంకె దిగేదాకా ఆగమంటున్నారు. నా అంకె ఆగట్లేదండీ," అంది. మామూలుగా అంది, కూరలో ఉప్పు తగ్గిందన్నట్టు. అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి విని, "మందు పడాలి కదమ్మాయ్. వాడేమన్నా కావాలని చేస్తున్నాడా?" అంది.

"నేను కావాలని చేశానా అత్తయ్యగారూ, ఆ రెండేళ్లు?"

అమ్మ లోపలికి వెళ్లిపోయింది. సంక్రాంతికి శిరీష నాగాయలంక వెళ్లి, పండగ అయ్యాక కూడా పది రోజులు ఉండిపోయింది. మావయ్యగారు ఫోన్‌లో నాతో చెరువు సంగతులే మాట్లాడారు. కూతుర్ని ఎప్పుడు తీసుకెళ్తారని నన్ను అడగలేదు. ఆ అడగకపోవడం కంటే నన్ను భయపెట్టింది ఆ ఏడాదిలో ఇంకోటి లేదు.

ఫిబ్రవరి

నెలకి ఒక ఆదివారం బందరుకి హార్మోన్ల స్పెషలిస్టు ఒకాయన వస్తారని ఫిజీషియన్ గారే పంపించారు. తొమ్మిదింటికి టోకెన్ తీసుకుంటే మా పేరు పిలిచేసరికి మూడైంది. వరండా నిండా షుగరు వాళ్లు, థైరాయిడ్ వాళ్లు. పెడన నుంచి వచ్చిన ఒక పెద్దావిడ తన టిఫిన్ డబ్బాలో పులిహోర మూత మీద పెట్టి శిరీషకి ఇచ్చింది. "తిను తల్లీ. ఈయన వచ్చేసరికి మనకి లేని రోగం కూడా వచ్చుద్ది," అంది. శిరీష తింది. నాకు తిప్పుతోందని అమ్మ సంచిలోంచి అట్ట తీసి ఒక మాత్ర నా చేతిలో వేసింది. నీళ్లతో మింగి లోపలికి వెళ్లాను.

ఆయన వయసు నలభై ఉంటుంది. రిపోర్టులు చూశారు. 118, 171. స్కాన్ దీపానికి ఎదురుగా పెట్టి చూశారు. ఆయనా అదే అడిగారు.

"వేరే మందులేమన్నా?"

"లేదండీ."

"నిద్ర మాత్రలు? బీపీ? ఆయుర్వేదం? హోమియో?"

"లేదండీ."

"గ్యాస్ మాత్ర?"

నేను ఆగాను. అమ్మ అంది, "అది మందు కాదు కదండీ."

ఆయన చెయ్యి చాపారు. అమ్మ సంచిలోంచి ఆ అట్ట తీసి ఇచ్చింది. వెనక్కి తిప్పి, వెండి కాగితం మీద సన్నగా ఉన్న అక్షరాలు చదివారు.

"రోజుకి ఎన్ని?"

"ఇప్పుడు నాలుగు," అన్నాను.

"ఎప్పటి నుంచి వాడుతున్నారు?"

"చిన్నప్పుడు ఎప్పుడో అవసరానికి. రోజూ అంటే... మూడేళ్లు పైనే."

ఆయన గొంతు పెంచలేదు. "అమ్మా, ఇందులో రెండు మందులున్నాయి. ఒకటి కడుపులో ఆమ్లం తగ్గించేది. దాంతో ఈ గొడవ ఉండదు. రెండోది డోంపెరిడోన్. వాంతి ఆపుతుంది. అది డోపమిన్‌ని అడ్డుకుని ఆపుతుంది. డోపమిన్‌ని అడ్డుకుంటే ప్రొలాక్టిన్ పెరుగుతుంది. మీరు ఒక చేత్తో కాలవకి లాకు దించే మందు ఇచ్చారు, ఇంకో చేత్తో ఎత్తే మందు ఇచ్చారు."

"మరి కణితో?" అంది శిరీష.

"ఇంత చిన్న మచ్చలు తలలో ఉన్నవాళ్లు చాలామంది ఉంటారు. స్కాన్ తియ్యరు కాబట్టి తెలియదు. ఇదీ అలాంటిదే అయి ఉండొచ్చు. ఇప్పుడే చెప్పలేను. రెండు మాత్రలూ ఆపేసి చూద్దాం."

బయటికి వచ్చాక అమ్మ ఆసుపత్రి గేటు దగ్గర నిలబడిపోయింది. రిక్షా స్టాండు వాళ్లు చూస్తున్నారు. "నేనే ఇచ్చాను," అంది. "నా చేత్తో నేనే ఇచ్చాను."

శిరీష ఆవిడ చేతిలోంచి సంచి తీసుకుంది. "మీరొక్కరే కాదు అత్తయ్యగారూ. ఆయన సంచిలో రోజూ పెట్టింది నేను." తర్వాత ఆటో పిలిచింది. ఆ మాటలో క్షమించడం ఉందో లేదో నేను ఇప్పటికీ చెప్పలేను. అప్పుడు ఆవిడని ఆటో ఎక్కించడానికి అది చాలింది.

మార్చి తర్వాత

తిప్పుడు పోయింది. గ్యాస్ మాత్ర లేకుండానే పోయింది, ఎందుకంటే తిప్పుడు తెచ్చిన కణితి మాత్రే లేదు. ఏప్రిల్‌లో అంకె 31. మే చివర 15. కణితి మాత్ర ప్రభావం ఒంట్లో చాలా వారాలు ఉంటుందట, అందుకని ఆ అంకెల్ని వెంటనే నమ్మొద్దన్నారు. మళ్లీ స్కాన్ తీస్తే ఆ నాలుగు మిల్లీమీటర్ల మచ్చ అలాగే ఉంది. పెరగలేదు, తగ్గలేదు. అది ఎప్పటి నుంచో అక్కడే ఉందని, నా జబ్బుతో దానికి పని లేదని అనుకోవచ్చు అన్నారు. నెలల తరబడి తలలో కణితి ఉందనుకుని బతికాను. అది లేదని తెలిస్తే సంతోషం వస్తుందనుకున్నాను. రాలేదు. ఆ నెలలు తిరిగి ఇవ్వరు కదా అనిపించింది, అంతే.

గడ్డం మునుపటిలా పెరుగుతోంది. బనీనుల మీద మరకలు లేవు. అయిష్టం కూడా పోయింది. కానీ శిరీష వైపు చెయ్యి చాపితే ఆమె పక్కకి జరగదు, దగ్గరికీ రాదు. "అలిసిపోయానండీ," అంటుంది. అది అబద్ధం కాదని నాకు బాగా తెలుసు.

కణాలు తయారవడానికి దాదాపు మూడు నెలలు పడుతుందట. అంకె దిగిన వెంటనే లెక్క పెరగదు. ఈ మాట నాకు మొదట ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఎవరికైనా ఈ హార్మోను ఎక్కువ వచ్చిందంటే కణితి అనుకునే ముందు ఇంట్లో నోట్లోకి వెళ్లే ప్రతిదాన్నీ డాక్టరు బల్ల మీద పెట్టండి. అడిగినవి మాత్రమే కాదు. మందు కాదని మీరు అనుకునేవి ముందు పెట్టండి. అట్ట వెనక చిన్న అక్షరాలు చదవండి. ఏ మాత్రనీ సొంతంగా మొదలుపెట్టకండి, సొంతంగా మానేయకండి. ఇంట్లో ఆడమనిషిని రెండేళ్లు బెంచీల మీద కూర్చోబెట్టే ముందు మగవాణ్ణి ఒక్క పూట కూర్చోబెట్టండి. ఇంతకు మించి చెప్పే అర్హత నాకు లేదు.

అమ్మ కాఫీ పొడి సీసా కడిగి బోర్లించింది. ఇప్పుడు తను కూడా మాత్ర వేసుకోదు. మధ్యాహ్నాలు గుండె మంటతో మెలికలు తిరుగుతుంది. ఆమ్లం తగ్గించే మందు ఒక్కటే ఉన్న మాత్ర వేసుకోవచ్చని డాక్టరు చెప్పారని నేను చెప్పినా వినదు. శిరీష మజ్జిగ కలిపి ఇస్తే తాగుతుంది.

ఆగస్టులో ఇద్దరం ఒకే రోజు రక్తం ఇచ్చాం. ఐవీఎఫ్ మొదలుపెట్టాలంటే ఇద్దరివీ కొత్త రిపోర్టులు కావాలన్నారు డాక్టరమ్మ గారు. ఏఎంహెచ్ 0.5 కంటే బాగా కిందికి పోతే సొంత అండాలతో ఆశ చాలా తక్కువ అనీ, అప్పుడు ఇంకొకరి అండం గురించి ఆలోచించుకోవాలనీ కూడా ముందే చెప్పారు. శిరీష అది విని, "నాది కాని దాన్ని నేను మొయ్యనండీ," అంది. ఆవిడతో కాదు, నాతో. నేను సరేనన్నాను.

రిపోర్టులు ఫోన్‌కి వచ్చేసరికి నేను పులిగడ్డ వంతెన దాటి అవనిగడ్డ వైపు వెళ్తున్నాను. బండి పక్కన ఆపాను. శిరీష బందరులో ఇంట్లో ఉంది. రెండూ ఒకే నిమిషంలో వచ్చాయి. ఆమె ఫోన్‌కి కూడా వచ్చి ఉంటాయి. చాలాసేపు అక్కడే నిలబడ్డాను. ఆమె ఫోన్ చెయ్యలేదు. నేనూ చెయ్యలేదు.

నా ప్రొలాక్టిన్ 12.4. శిరీష ఏఎంహెచ్ 0.2.